సంపు

1982 ఎండాకాలంలో బొంబాయి నుంచి సిరిసిల్లకు నేనొక కార్డు రాశాను. "ఇక్కడ సంపు నడుస్తుంది, బాపు ఇంట్లనే ఉంటుండు, ఈ నెల పైసలు పంపలేము" అని. నాకప్పుడు పన్నెండేళ్లు. మరాఠీలో సమ్మెను సంప్ అంటారు. మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లు దాని చివర ఒక ఉకారం తగిలించి సంపు అనేవాళ్లు. సిరిసిల్లలో ఆ మాటకు ఉన్నది ఒకటే అర్థం, చంపడం. పక్కింటి పిల్లాడు కార్డు చదవగానే మా బాపమ్మ "ఎవలను సంపుతుండ్రు? నా కొడుకును సంపుతుండ్రా?" అని ఏడ్చుకుంటూ పెద్దబాపు ఇంటికి ఉరికిందట. తర్వాత ఎన్నేళ్లో ఈ కథ చెప్పుకుని నవ్వుకున్నాం. బాపు మాత్రం నవ్వేవాడు కాదు. "ముసల్ది తప్పేం అనలే" అనేవాడు.

గిర్ణీ అన్న మాటతో కూడా ఇదే తంటా. బొంబాయిలో గిర్ణీ అంటే బట్టల మిల్లు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు "మా బాపు గిర్ణీల పనిచేస్తడు" అంటే పిల్లలు "పిండి పడ్తడా?" అని అడిగేవాళ్లు. వందల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒకే కప్పు కింద కొట్టుకుంటుంటే పక్కమనిషి మాట వినపడక, పెదవులు చూసి అర్థం చేసుకుంటారని చెప్తే నమ్మేవాళ్లు కాదు. మా బాపు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. కోపం కాదు, చెవులు అలా అయిపోయాయి.

మేం వర్లీలో ఒక చాల్‌లో ఉండేవాళ్లం. ఒక ఖోలీ, అంటే ఒక్క గది, బయట పొడుగాటి వరండా, అంతస్తు మొత్తానికి చివర పాయఖానాలు. ఖోలీలో మేం అయిదుగురం కాక జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇద్దరు బద్లీ కార్మికులు పడుకునేవాళ్లు. ఒకరు రాత్రి పాళీకి పోతే ఇంకొకరు అదే చాప మీద నిద్రపోయేవారు. బద్లీ అంటే తెలియనివాళ్లకు చెప్తాను. పర్మనెంటు మనిషి ఎవరైనా నాగా పెడితే ఆ రోజుకు ఆ పని వీళ్లకు దొరుకుతుంది. పొద్దున ఏడింటికి భోంగా, అంటే మిల్లు సైరన్, మోగే ముందే గేటు దగ్గర నిలబడాలి. లోపలికి పిలిస్తే కూలీ, పిలవకపోతే ఇంటికి. ఇలా పదేళ్లు బద్లీగానే గడిపినవాళ్లను నేను చూశాను. భోంగా మోగాక కూడా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించిందంటే, ఆ రోజు మా ఇంట్లో ఒకరికి పని దొరకలేదని అర్థం.

మా మెట్ల కింద ఒక ముసలి తాత కూర్చునేవాడు. తాత అంటే మా తాత కాదు, చాల్ మొత్తానికీ తాత. జగిత్యాల దగ్గరి ఊరు. పదిహేనేళ్లప్పుడు బొంబాయి వచ్చి, 1928 సమ్మెలో ఉన్నవాడు. మాకు బళ్లో చెప్పని చరిత్ర అంతా ఆయన దగ్గరే ఉండేది. కాకపోతే ఒక వరసలో చెప్పేవాడు కాదు. చుట్ట వెలిగితే ఒక సంవత్సరం, ఆరిపోతే ఇంకో సంవత్సరం.

ఆదివారం మేం మెట్ల మీద ఆడుకుంటుంటే "ఈ ఐతారం ఊకెనే రాలే పిలగా" అని మొదలుపెట్టేవాడు. నారాయణ్ మేఘాజీ లోఖండే అని ఒకాయన, జ్యోతిబా ఫూలే శిష్యుడు, 1884లో బొంబాయి మిల్లు కూలీలను కూడగట్టాడు. అప్పట్లో పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకేదాకా పని, వారానికి సెలవు లేదు. 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవాళ్లలో కామాఠీపురా తెలుగు కాంట్రాక్టర్లు కూడా ఉన్నారని చెప్పేటప్పుడు తాత మెడ కొంచెం నిక్కేది. ఆ పేట పేరు ఇప్పుడు ఎందుకు మోగుతుందో అందరికీ తెలుసు. తెలంగాణ నుంచి రాళ్లు కొట్టడానికి, ఇళ్లు కట్టడానికి పోయిన కామాఠీల పేరు అది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

1908లో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడితే, ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు మిల్లులు ఆగిపోయాయని చెప్పేవాడు. ఆ లెక్క మాకు భలే నచ్చేది. 1928 మాత్రం ఆయన సొంతం. రెండు సాంచాలు నడిపే మనిషిని మూడు నడపమన్నారు, జీతాల రేట్లు తగ్గించారు. ఏప్రిల్‌లో ఆగిన మిల్లులు అక్టోబరు దాకా తెరుచుకోలేదు. లక్షన్నర మంది. ఆ గొడవలోనే గిర్ణీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది. లాల్ బావ్‌టా అనేవాళ్లు, ఎర్రజెండా. దాని అధ్యక్షుడు ఆల్వే చదువుకున్న బాబు కాడు, మిల్లు మనిషే. తర్వాతి మార్చిలో డాంగే, మిరజ్‌కర్, నింబ్‌కర్, ఆల్వే అందరినీ పట్టుకుపోయి మీరట్‌లో కుట్ర కేసు పెట్టారు. అది నాలుగేళ్లు నడిచింది. "మీరట్ ఏడుందో మాకెర్కలే. మ్యాప్ కొనుక్కొచ్చి చూసినం" అనేవాడు తాత.

ఒకసారి ఇదంతా వింటూ అవ్వ, అంటే మా అమ్మ, లోపల్నుంచి అడిగింది, "గీ కథలళ్ల ఆడోళ్లు ఒక్కలు గూడ లేరా?" అని. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కమల్ దోండే పేరు చెప్పాడు. 1946 ఫిబ్రవరిలో నౌకాదళం పిల్లలు తిరగబడితే వాళ్లకు మద్దతుగా బొంబాయి అంతా బంద్ అయింది. పరేల్‌లో తెల్లోళ్ల సిపాయిల తూటాకు ఆమె చనిపోయింది. "ఉషాబాయి డాంగే ఉండె, మిల్లుల ఆడోళ్లను జమజేసింది. చెప్పుడు మర్శిన" అన్నాడు. అవ్వ "మరుస్తరు తియ్" అని బీడీల చాట ముందుకు లాక్కుంది.

తాత చెప్పిన ఒక ముచ్చట మా చాల్ తెలుగువాళ్లకు నచ్చేది కాదు. వింటూ వింటూ లేచిపోయేవాళ్లు. మిల్లులో నేత ఖాతాలోనే, అంటే నేత విభాగంలోనే, జీతం ఎక్కువ. అందులోకి దళితులను రానిచ్చేవాళ్లు కాదు. నాడె అంటే దారం కండెను మోస్తూ మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేది. కండె మార్చినప్పుడల్లా దాని కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకరు నోరు పెట్టిన నాడెకు ఇంకొకరు నోరు పెట్టాలి. అందుకని దళితులను వద్దన్నారు. వద్దన్నది యజమానులు కాదు, పక్కన పనిచేసే కూలీలే, ఎర్రజెండా కింద నడిచేవాళ్లే. 1928లో అంబేడ్కర్ గారు నిలదీసింది ఇదే. మేం సాలోళ్లం, నేత కులం. నేత ఖాతాలో మావాళ్లకు చోటు సులువుగా దొరికిన కారణాల్లో ఇదీ ఒకటి. బాపుకు ఈ మాట మింగుడు పడడానికి చాలా ఏళ్లు పట్టింది. నాకు ఆ కాలం పోరాటాల గురించి ఎవరు గొప్పగా చెప్పినా ముందు ఆ నాడెనే గుర్తొస్తుంది.

1938 నవంబరు 7న ఆ ఎర్రజెండాలూ, అంబేడ్కర్ గారి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ జెండాలూ కలిసే నడిచాయి. హఠాత్తుగా సమ్మె చేస్తే జైలు అనే బిల్లు వచ్చింది, దాని మీద ఒక్క రోజు సమ్మె. బిల్లు ఆగలేదు, చట్టం అయింది. దాని చోట్లో 1946లో బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక పరిశ్రమకు ఒకే గుర్తింపు సంఘం, అది తప్ప ఇంకెవరూ కార్మికుల తరఫున మాట్లాడటానికి లేదు. మిల్లుల్లో ఆ గుర్తింపు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు ఉండేది. కార్మికులు ఎందరు ఇంకో సంఘంలోకి పోయినా మాట్లాడే హక్కు దానిదే. "ఆ బిల్లు కొడుకే గీ చట్టం" అనేవాడు తాత. 1982 మా ఇంటికి ఈ దారినే వచ్చింది.

1981 దీపావళికి బోనస్ దగ్గర మొదలైంది. కొన్ని మిల్లుల వాళ్లు ఘాట్‌కోపర్‌లో డాక్టర్ దత్తా సామంత్ ఇంటికి గుంపుగా పోయి, మా సమ్మెకు మీరే ముందుండాలని పట్టుబట్టారు. ఆయన నిజంగానే డాక్టరు. అక్కడి రాళ్ల క్వారీ కూలీలకు వైద్యం చేస్తూ యూనియన్లలోకి వచ్చాడు. ఇంజనీరింగ్ ఫ్యాక్టరీల్లో జీతాలు బాగా పెంచించాడని పేరు. మాట్లాడితే ఉపన్యాసంలా ఉండదు, మందు చీటీ రాసిచ్చినట్టు ఉంటుందని బాపు అనేవాడు. 1982 జనవరి 18, సోమవారం. ఆ పొద్దున భోంగా మోగలేదు. అరవై దాకా మిల్లులు, రెండున్నర లక్షల మంది. నాకు గుర్తున్నది ఒకటే. చప్పుడు లేక చిన్న తమ్ముడు నిద్ర లేచి ఏడ్చాడు.

మొదటి నెల పండగలా ఉండేది. మోర్చాలు, పాటలు, మగవాళ్లంతా పగలు ఇంట్లోనే. రెండో నెలలో మరాఠీ వాళ్లు ఊళ్లకు పోవడం మొదలుపెట్టారు. కొంకణ్‌లోనో సతారా వైపో వాళ్లకు ఇంత పొలం, ఒక ఇల్లు ఉండేవి. పక్క ఖోలీ మావుషీ ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక సంచీలో జొన్నలు తెచ్చి, అడగకుండానే మా డబ్బాలో పోసి పోయేది. మాకు ఊళ్లో ఏముంది? మగ్గం గుంత ఉంది, మగ్గం లేదు.

ఇల్లు నడిపింది అవ్వ. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టేది. ముందు కూడా చుట్టేది, కానీ అది ఉప్పూ కారానికి. ఇప్పుడు ఏడుగురికి అవే బియ్యం అయ్యాయి. నేను బడి నుంచి వచ్చి ఆకు కత్తిరించేదాన్ని. బాపు దారం చుట్టడానికి కూర్చునేవాడు కానీ ఆయన వేళ్లకు అది పట్టుబడలేదు. ముప్పై అంగుళాల బట్టలో తెగిన పోగును కళ్లు మూసుకుని ముడేసే మనిషి చుట్టిన బీడీలను కార్ఖానాలో ఏరి పక్కన పడేసేవాళ్లు. అవ్వ ఆయన్ని ఏమీ అనేది కాదు, రాత్రి వాటిని విప్పి మళ్లీ చుట్టేది. సభల్లో మాట్లాడినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. రెండున్నర లక్షల ఇళ్లలో పొయ్యి ఎట్లా వెలిగిందో ఒక్కో ఇంటికి పోయి అడగాల్సిందే.

ఆగస్టులో ఒక పొద్దున పోలీసులే తిరగబడ్డారు. 18వ తారీఖు. వర్లీ పోలీసు క్యాంపు మాకు దగ్గరే. లాఠీ పట్టుకుని మమ్మల్ని తరిమినవాళ్లు రోడ్డు మీద నినాదాలు చేస్తుంటే మా వాళ్లు కూడా వాళ్లతో కలిసిపోయారు. సాయంత్రానికి సైన్యం దిగింది. అవ్వ మమ్మల్ని లోపల పెట్టి గొళ్లెం వేసింది. ఆ రోజు బయట ఏం జరిగిందో తర్వాత పేపర్లో చదివిందే తప్ప నేనేమీ చూడలేదు.

ఇప్పుడు రాయబోయేది మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని సంగతి.

మా మేనమామ భివండీలో పవర్‌లూమ్ నడిపేవాడు. అక్కడా మనవాళ్లు చాలామందే. మునుపు నెలకోసారి ఉత్త చేతులతో వచ్చేవాడు. సమ్మె మొదలయ్యాక మామ చేతిలో డబ్బు ఆడటం మొదలైంది. వచ్చినప్పుడల్లా అవ్వ చేతిలో యాభయ్యో వందో పెట్టేవాడు. దసరా ముందు ఒకరోజు మా తమ్ముడి చొక్కాకని ఒక తాను ముక్క తెచ్చాడు. బాపు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అంచు పట్టుకుని గోరుతో గీకాడు. "ఇది మా మిల్లు క్వాలిటీ గదా" అన్నాడు. మామ దాచలేదు. మిల్లులు ఆగినా మార్కెట్లో బట్ట ఆగలేదు, ఆర్డర్లు భివండీకి వస్తున్నాయి, నేసిన బట్ట మీద మిల్లు ముద్ర పడుతోంది, రాత్రింబగళ్లు సాంచాలు నడుస్తున్నాయి. "నేను నడపకుంటే ఇంకోడు నడుపుతడు బావా. ఈ పైసలు రాకుంటే మా చెల్లె ఏం వండుతది?" అన్నాడు.

బాపు గుడ్డను మడిచి మామ ఒళ్లో పెట్టాడు. అవ్వ వచ్చి దాన్ని తీసుకుపోయి ట్రంకు పెట్టెలో పెట్టింది. ఆ రాత్రి అన్నం అందరం తిన్నాం. మిల్లులు మూతపడితే యజమానులకు నష్టం వస్తుందనే లెక్క మీద మొత్తం సమ్మె నిలబడి ఉంది. ఆ లెక్క తప్పిపోయిందని బాపుకు తెలిసింది ఏ నాయకుడి ఉపన్యాసంలోనూ కాదు, మా ఖోలీలో, కొడుకు చొక్కా గుడ్డ చూసి. పాత స్టాకు అమ్ముకున్నారు, నేత పని బయటికి ఇచ్చుకున్నారు. సమ్మె పొడుగైనకొద్దీ కొందరు యజమానులకు హాయిగానే ఉంది. సామంత్ గారు ఇది ఎందుకు ముందే చూడలేదని నాకు ఇప్పటికీ కోపం. బాపును అడిగితే "మేమే గదా ఆయనను గుంజుకొచ్చింది" అనేవాడు. బాపుకు సామంత్ మీద ఎప్పుడూ కోపం రాలేదు.

1983లో మేం సామాను కట్టాం. ఇత్తడి బిందెలు అప్పటికే మార్వాడీ దగ్గర ఉన్నాయి కాబట్టి మోత పెద్దగా లేదు. మన్మాడ్‌లో దిగి చిన్న లైను బండి ఎక్కి, కామారెడ్డిలో దిగి బస్సు పట్టుకుని సిరిసిల్ల. తాత మెట్ల కిందే కూర్చుని ఉన్నాడు. "మళ్ల పిలుస్తరు, ఖోలీ ఇడ్శిపెట్టకుండ్రి" అన్నాడు. మేం విడిచిపెట్టేశాం. అదే ఏడు ప్రభుత్వం 13 మిల్లులను తన చేతిలోకి తీసుకుంది. బాపు పనిచేసిన మిల్లు అందులో లేదు. కొన్ని మిల్లులు కొందరిని వెనక్కి తీసుకున్నాయి. బాపుకు కబురు రాలేదు. రావాల్సిన గ్రాట్యుటీ లెక్క కూడా ఎవరూ చెప్పలేదు.

సిరిసిల్లలో బాపు ఒక ఆసామి దగ్గర సాంచాలు నడిపాడు. మా చుట్టూ బొంబాయి నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మాట మధ్యలో పగార్, ఖోలీ, పాళీ అని దొర్లితే గుర్తుపట్టేవాళ్లం. కూలీ రేట్ల కోసం అక్కడా సమ్మెలు జరిగాయి. బాపు అన్నిట్లోనూ ఉన్నాడు. ముందు వరసలో కాదు, టీ కొట్టు దగ్గర కూర్చుని పిల్లగాళ్లకు "ముందుగల్ల బట్ట ఇంకెక్కడ నేస్తుండ్రో తెల్సుకోండ్రి. తర్వాత జెండా పట్టుండ్రి" అని చెప్పేవాడు. వాళ్లకు అది చాదస్తంగా అనిపించేది.

1984లో సామంత్ బొంబాయి నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, ఇండిపెండెంట్‌గా. సమ్మె ఓడిపోయిందన్నవాళ్లకు బాపు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాడు. 1997 జనవరి 16న పవయీలో ఇంటి దగ్గరే ఆయన్ని కాల్చి చంపారు. రేడియోలో వార్త వచ్చేసరికి బాపు సాంచ మీద ఉన్నాడు. పెద్దబాపు పోయి చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. బాపు స్విచ్చి ఆపి ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు కూలీ పోయింది.

తర్వాత మిల్లుల జాగాలు ఏమయ్యాయో అందరికీ తెలిసిందే. 1991లో నిబంధనలు మార్చి భూమి అమ్ముకోవడానికి దారి తెరిచారు. ఇప్పుడక్కడ మాల్స్, అద్దాల ఆఫీసులు. దత్తా ఇస్వల్కర్ అనే మిల్లు కార్మికుడు, సామంత్ కాదు, ఇంకో దత్తా, ఆ భూమిలో కార్మికులకు ఇళ్లు ఇవ్వాలని ఏళ్ల తరబడి కొట్లాడాడు. పెద్ద గొంతు లేని మనిషి. నాకైతే ఆ మొత్తం చరిత్రలో ఎక్కువ నచ్చే మనిషి ఆయనే. చివరికి కొన్ని ఇళ్లు కట్టారు, 2012 నుంచి లాటరీ తీశారు. దరఖాస్తులు లక్షకు పైనే. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిలో ఉన్నవాళ్లు అర్హులు.

తమ్ముడు ఫారం తెచ్చాడు. బాపు అప్పటికి డెబ్బై దాటాడు, చెవులు పూర్తిగా పోయాయి. బిస్కెట్ డబ్బాలోంచి టికెట్ నంబరు కార్డు, ఈఎస్‌ఐ కార్డు, చివరి పగార్ చీటీ తీసి మంచం మీద వరసగా పెట్టాడు. తమ్ముడు ఒక్కో గడీ అరిచి అడుగుతూ నింపాడు. పేరు, మిల్లు, ఖాతా, టికెట్ నంబరు. పని మానేసిన తేదీ దగ్గర ఆగాడు.

"ఎప్పుడు మానినవ్ బాపూ?"

"ఏంది?"

"పని. ఎప్పుడు మానినవ్?"

"మానలే. సంపుల ఉన్న."

తమ్ముడు నవ్వాడు. బాపు నవ్వలేదు. "వాపస్ తీస్కున్నమని ఎవలన్న చెప్పిండ్రా? డాక్టర్ చెప్పిండా?" అన్నాడు. అది నిజమే. ఆ సమ్మెను ఆపేస్తున్నామని సామంత్ గానీ ఆయన సంఘం గానీ ఏనాడూ ప్రకటించలేదు. కానీ ఫారానికి అది పట్టదు. గడీ ఖాళీగా ఉంటే తీసుకోరని తమ్ముడు భయపడ్డాడు. 18-1-1982 అని రాశాడు. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఫారం చేతికి తీసుకున్నాడు. అంకెలు మెల్లగా చదివాడు. పెన్ను అడిగి తీసుకుని, ఆ తేదీ మీద అడ్డంగా ఒక గీత గీసి, మూత పెట్టి పెన్ను వాడికి తిరిగి ఇచ్చాడు.